ఈశ్వరప్రసాద్ గారి అట్టముక్కలు

ఈశ్వరప్రసాద్ గారికి ఈ లోకంలో పడనిది ఒక్కటే, కుదుపు. గుడి దగ్గర చెప్పులు ఎత్తుకుపోయినవాణ్ణి ఆయన క్షమిస్తారు. తెల్లచొక్కా మీద బురద చిమ్మి వెళ్లిపోయిన ఆటోవాణ్ణి కూడా క్షమిస్తారు. కాలు ఎగుడుదిగుడుగా ఉన్న బల్లని మాత్రం క్షమించరు.

ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండదు, ఫోనూ ఉండదు. మడతపెట్టిన అట్టముక్కలు నాలుగు ఉంటాయి. తన షాపు పేరు అచ్చేసిన పాత వీడియో కేసెట్ల అట్టపెట్టెలు కోసి, ఖాళీగా కూర్చున్నప్పుడల్లా మడిచి పెట్టుకుంటారు. హోటల్లో కూర్చోగానే రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, కళ్లు మూసుకుని, నాడి చూసినట్టు నొక్కి చూస్తారు. ఆ తర్వాత మాయమైపోతారు. సర్వరు వచ్చి, "ఇక్కడ కూర్చున్నాయన ఏరండీ?" అని అడిగితే బల్ల కిందనుంచి "రెండిడ్లీ" అని వినిపిస్తుంది.

ఏలూరు పవర్‌పేటలో ఆయన షాపుని సగం పంచుకుని జిరాక్స్ మిషను పెట్టుకున్న నాగదుర్గకి ఇవన్నీ పన్నెండేళ్లుగా అలవాటే. అలవాటైందంటే బాధ తగ్గిందని కాదు. ఆవిడ జిరాక్స్ మిషను తిరిగేటప్పుడు కొంచెం అదురుతుంది. ఏ మిషనైనా అదురుతుంది. దాని కింద ఈశ్వరప్రసాద్ గారు మొదట అట్టలు పెట్టారు, తర్వాత కొబ్బరి పీచు పెట్టారు, ఆ తర్వాత ఇంట్లో పాత పరుపు కోసి తెచ్చి పెట్టారు. ఇప్పుడా మిషను నాగదుర్గ భుజాల దాకా వచ్చింది. కాగితం పెట్టాలంటే ఆవిడ పీట ఎక్కాలి.

తాడేపల్లిగూడెంలో ఆయన బావమరిది కూతురి పెళ్లయింది. సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి పెళ్లికూతురి పీట కదలడం ఈయన కంట పడింది. అంతే. ఆల్బంలో ముహూర్తం ఫొటో తీసి చూస్తే అటు పెళ్లికొడుకు తల, ఇటు పెళ్లికూతురి తల, మధ్యలో ఈశ్వరప్రసాద్ గారి వీపు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారు ఆ తర్వాత రెండేళ్లు పుట్టింటివాళ్ల గడప తొక్కలేదు.

బస్సులో అయితే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నట్టనడుమ సీటు కావాలి. అడుగులు వేసి కొలుస్తారు. అందులో ఎవరైనా కూర్చుని ఉంటే దిగిపోయి తర్వాతి బస్సు కోసం నిలబడతారు. గణపవరంలో పదిగంటల ముహూర్తానికి ఇంట్లో ఆరింటికి బయల్దేరి, భోజనాల ఆఖరి బంతికి చేరిన మనిషాయన.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆసుపత్రి ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో చేసే పని ఒక ఎత్తు. అక్కడ ఆయన తన బల్లతో ఊరుకోరు. వేరేవాళ్ల బల్ల దగ్గరికి కూడా వెళ్లి కింద దూరుతారు. పైగా ఆ బల్ల శుభ్రంగా నిలబడి ఉన్నదై ఉంటుంది. ఈయన అట్టముక్క పెట్టాకే ఊగడం మొదలెడుతుంది. సర్వరు రాజేష్ చాలాసార్లు నాగదుర్గ దగ్గర మొరపెట్టుకున్నాడు. "నిక్షేపంలాంటి బల్లండీ. ఆయనొచ్చి వెళ్లాక ఊగుతోంది. మీరైనా చెప్పండి." నాగదుర్గ ఏం చెబుతుంది? ఆయనకి కొంచెం తేడా అని చెప్పి ఊరుకుంది. నిజంగా అలాగే అనుకుంది కూడా.

ఇంతకీ ఆయన వృత్తి ఏమిటనుకున్నారు, పాత వీడియో కేసెట్లని డీవీడీలు చెయ్యడం. ఒకప్పుడు పెళ్లిళ్లకి కెమెరా భుజాన వేసుకుని కొల్లేటి లంకల దాకా తిరిగారు. ఇప్పుడు పెళ్లిళ్లు పిల్లలు చేతి ఫోన్లలో తీసుకుంటున్నారు. ఈయనకి మిగిలింది అటకల మీది కేసెట్లు. ఎవరైనా పోతేగాని ఎవరికీ అటక మీద కేసెట్టు ఉందని గుర్తుకు రాదు. కాబట్టి ఆ షాపుకొచ్చేవాళ్లలో నూటికి తొంభైమంది కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాళ్లే. పొద్దున్న తొమ్మిదినుంచి సాయంత్రం ఏడు దాకా టీవీలో చనిపోయినవాళ్లు నవ్వుతూ, విస్తళ్ల ముందు కూర్చుని లడ్డూలు తింటూ ఉంటారు. వాళ్ల ఎదురుగా కూర్చుని నాగదుర్గ కేరేజీ విప్పుకోవాలి. గోడకి చెమ్మ, కేసెట్లకి బూజు, వాటిని తుడిచే స్పిరిట్ వాసన. షాపు పెట్టినప్పుడు ఆవిడ సరదా మనిషే. పన్నెండేళ్లలో ఎవరు నవ్వుతున్నా ఈయనెప్పుడు పోయాడో అని చూసే స్థితికి వచ్చింది.

మొన్న సెప్టెంబరులో వారం రోజులు ముసురు పట్టింది. ఆ ముసురులో ఒక పెద్దావిడ షాపు మెట్లెక్కింది. ఒక చేతిలో పాలిథిన్ కవర్లో చుట్టిన బైబిలు, ఇంకో చేతిలో తువ్వాల్లో చుట్టిన కేసెట్టూ, ఒక డీవీడీ. బైబిల్లోంచి ఏదో తీసి చూసుకుంది, తలెత్తి బోర్డు చూసింది, మళ్లీ బైబిల్లో పెట్టేసుకుంది. ఈశ్వరప్రసాద్ గారి షాపు ఇదేనా అని మెల్లగా అడిగింది. చిరునామా చీటీ కాబోలు అనుకుంది నాగదుర్గ. బస్టాండు నుంచి ఇక్కడిదాకా దారిలో నాలుగు స్టూడియోలుంటే ఏరికోరి ఈయన దగ్గరికెందుకొచ్చిందా అని జాలి కూడా పడింది.

ఆవిడ పేరు మార్తమ్మ. శ్రీపర్రు అవతల కొల్లేటి ఒడ్డున లంక ఊరు. కేసెట్టు ఆవిడ కూతురు జాయ్సీ పెళ్లిది, పాతికేళ్లనాటిది. భర్త దేవరాజు చేపలు పట్టేవాడు. కిందటి నవంబరులో పోయాడు. పోయే ముందు పదకొండేళ్లు వణుకుడు జబ్బుతో ఉన్నాడు. ఆయన మంచం పట్టాక, ఎక్కడో ఒక స్టూడియోలో ఆ కేసెట్టుని డీవీడీ చేయించారు. ఆ తర్వాత వరదనీళ్లు ఇంట్లోకొచ్చి కేసెట్టు పాడైంది. మిగిలింది డీవీడీ ఒక్కటే. అందులో తంటా ఏమిటంటే, నిలబడి ఉన్నంతసేపూ మనుషులు బాగానే ఉంటారు, కదిలితే వణుకుతారు.

"అందరూనాండీ?" అంది నాగదుర్గ.

"అందరూనే. పాస్టరుగారు, పెళ్లికూతురు, ఆఖరికి కుక్క కూడా. నాకు మాత్రం ఆయనే కనిపిస్తాడు కదండీ," అంది మార్తమ్మ.

ఆ తర్వాత ఆవిడ అసలు సంగతి చెప్పింది. జాయ్సీ చిన్నకూతురు బ్లెస్సీకి పదేళ్లు. ఆ పిల్ల పుట్టేనాటికే తాతకి వణుకు ముదిరింది. తాత గ్లాసు పట్టుకుంటే నీళ్లెలా తొణుకుతాయో ఆ పిల్ల చేసి చూపిస్తే చుట్టాలంతా నవ్వుతారు. పిల్లది ఎగతాళి కాదు, దానికి తెలిసిన తాత అంతే. డీవీడీ వేసి చూపిస్తే, "తాతయ్య అప్పుడు కూడా ఇంతేనా మామ్మా?" అని అడిగిందట.

"నవంబరు ఇరవైన ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామండీ," అంది మార్తమ్మ. "ఆ రోజుకి ఆ పిల్లకి ఆయన చేతులు చూపించాలి. వణకని చేతులు. కొల్లేట్లో ఆయనలా వల వేసేవాడు లేడండీ. ఆ సంగతి చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను."

ఈశ్వరప్రసాద్ గారు డీవీడీ పెట్టి చూశారు. పడవ మీద ఒక మనిషి వల విసురుతున్నాడు. చేతులు, వల, నీళ్లు, అన్నీ గజగజలాడుతున్నాయి. బల్ల కాలు కదిలితేనే తట్టుకోలేని మనిషి, నలభై నిమిషాల కుదుపు ఎదురుగా పెట్టుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. పారిపోతారనే అనుకుంది నాగదుర్గ. ఆయన మాత్రం కళ్లజోడు తుడుచుకుని, "వారం రోజుల్లో ఇస్తానండీ," అన్నారు.

ఆ వణుకెందుకొచ్చిందో ఆయన నాగదుర్గకి ఆవిడ భాషలోనే చెప్పారు. వీడియోలో బొమ్మ ఒకేసారి రాదు. ముందు ఒక సగం గీతలు, ఆ వెంటనే రెండో సగం గీతలు. సెకనుకి యాభై సగాలు.

"మీరు పుస్తకం జిరాక్స్ తీసి కుట్టేటప్పుడు, రెండో పేజీ ముందు పెట్టి ఒకటో పేజీ వెనక పెడితే ఏమవుతుందండీ?"

"చదివేవాడు నన్ను తిడతాడండీ."

"అదే అయిందిక్కడ. నాలుగు ముందు, మూడు వెనక. ఆరు ముందు, అయిదు వెనక. చెయ్యి ముందుకెళ్లి వెనక్కొచ్చి మళ్లీ ముందుకెళ్తోంది. కదలనివాడికి ఏ పేజీ ముందైనా ఒకటే, అందుకని వాడు బాగున్నాడు."

ఇంత చిన్నదేనా, తిరగేస్తే అయిపోయె అనుకుంది నాగదుర్గ. ఆయనా అలాగే అనుకున్నారు. తిరగేశారు. రెండు నిమిషాలు సినిమా పాలమీగడలా నడిచింది. ఉన్నట్టుండి మళ్లీ వణుకు. ఏమిటంటే, డీవీడీ చేసిన రోజుకే కేసెట్టు అక్కడక్కడా దెబ్బతిని ఉంది. దెబ్బతిన్న ప్రతిచోటా డీవీడీ చేసే మిషను ఒక సగాన్ని మింగేసింది. అక్కడినుంచి వరస తారుమారు. ఇంకో దెబ్బ దగ్గర మళ్లీ సరి. అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూద్దామని ఈశ్వరప్రసాద్ గారు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడువందలు దాటాక మానేశారు. ఒక్కొక్క చోటా ఆపి, చేతులు చూసి, ఏ సగం ముందో ఏ సగం వెనకో తేల్చి సర్దుకుంటూ పోవాలి. సగం గీతలు పారేసి ఉన్నవాటితో సరిపెట్టే అడ్డదారి ఒకటి ఉంది కానీ, అలా చేస్తే మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా నడుస్తారని ఆయన ఒప్పుకోలేదు.

వారం మూడు వారాలైంది, మూడు అయిదయింది. ఆయన పనిచేస్తున్నంతసేపూ జిరాక్స్ మిషను తిప్పకూడదన్నారు. దాని అదురుకి తెర కదిలి కళ్లు మోసపోతాయట. కుల ధ్రువీకరణ పత్రానికి వచ్చిన ఫణికిరణ్ అనే కుర్రాడు రెండు కాపీల కోసం రెండు గంటలు కూర్చుని లేచిపోయాడు.

"నా పొట్ట కొడుతున్నారండీ మీరు," అంది నాగదుర్గ.

"ఇంకొక్క చెయ్యి, దుర్గగారండీ. ఈ ఒక్క చెయ్యీ సరిచేశాక తిప్పుకోండి."

గురువారం గురువారం మార్తమ్మ వచ్చేది. తడిసిన గొడుగు మెట్ల దగ్గర పెట్టి, బెంచీ మీద ఒక పక్కగా కూర్చునేది. తొందర చేసేది కాదు. అయిందా అని కూడా అడిగేది కాదు, అడక్కుండా చూసేది. అదే నాగదుర్గకి ప్రాణం మీదికొచ్చేది. ఆవిడ వెళ్లాక గంటసేపు ఏ పనీ తోచేది కాదు.

అక్టోబరు నెలాఖరున వల వేసే ముక్క పూర్తయిందని ఆయనే కబురు పెట్టారు. తలుపులు సగం మూసి, ఫేను ఆపి, టీవీ పెట్టారు. పెళ్లి విందుకి చేపల కోసం తెల్లారగట్ల పడవేసుకెళ్లిన దేవరాజు. నల్లటి మనిషి, బనీను, మోకాలి పైకి కట్టిన లుంగీ. వెనక కొల్లేరు, తూడు మొక్కలు, దూరంగా కొంగలు. వల చేతుల్లోంచి జారి గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. ఎక్కడా వెంట్రుకవాసి వణుకు లేదు. ఆ షాపులో మొదటిసారి ఒక పోయిన మనిషిని చూసి నాగదుర్గకి దిగులు వెయ్యలేదు.

మార్తమ్మ చూసింది. మళ్లీ వెయ్యమంది. మళ్లీ చూసి, చాలా మర్యాదగా అంది.

"ఎంతో బాగుందండీ. ఏమీ అనుకోకండి బాబుగారూ. ఈయన మా ఆయన కాదండీ."

మార్తమ్మ లేచి నిలబడింది. వల విసిరేవాడు ఉన్నపళంగా విసరడట. చెయ్యి ఒకసారి వెనక్కి పోవాలి. పోయి, అక్కడ రవ్వంత ఆగి, అప్పుడు రావాలి. లేకపోతే వల విచ్చుకోదు, ముద్దగా పడుతుంది. దేవరాజు చెయ్యి అందరికన్నా ఎక్కువ వెనక్కి పోయేది. తెరమీద ఆయన చెయ్యి వెనక్కి పోవడమే లేదు.

ఆవిడకి మాటలతో చెప్పడం చాలలేదు. జిరాక్స్ మిషను మీద కప్పిన గుడ్డ లాగి, మోచేతి మీద మడతలు వేసుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి, కాలు ముందుకేసి, నడుం తిప్పి విసిరింది. గుడ్డ గుండ్రంగా విచ్చుకుని, అప్పుడే మెట్లెక్కుతున్న ఫణికిరణ్ నెత్తిన పడింది. రెండు కాపీల కోసం ధైర్యం చేసి మళ్లీ వచ్చిన కుర్రాడు, గుడ్డ తీసేసి వచ్చినదారినే వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను పవర్‌పేటలో కనపడలేదు.

"మళ్లీ వెయ్యండమ్మా," అన్నారు ఈశ్వరప్రసాద్ గారు. ఏడుసార్లు వేయించుకున్నారు. ఏడోసారికి స్టూలు మీద కూలబడ్డారు. చెయ్యి వెనక్కి పోయిన ప్రతిచోటా అది మిషను చేసిన కుదుపే అనుకుని ఆ సగాలు తీసి పారేశారాయన. అయిదు వారాలు.

"నాకు కుదుపు తప్ప ఇంకేం కనపడలేదండీ," అన్నారు. "మనిషిని కోసేశాను."

మార్తమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన వినే స్థితిలో లేరు. మర్నాడు షాపుకి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నాగదుర్గ జిరాక్స్ మిషను ఇష్టం వచ్చినంతసేపు తిప్పుకుంది. అడిగేవాళ్లు లేరు. అటుపక్క ఆపేసిన టీవీ, దాని ముందు ఖాళీ కుర్చీ, కుర్చీ నాలుగు కాళ్ల కిందా నాలుగు అట్టముక్కలు. ఇంకో మూడు వారాల్లో కూడిక. ఆ పిల్ల వణికే తాతనే చూస్తుంది కాబోలు అనుకుంటే, సంబంధం లేని మనుషుల కోసం ఆవిడకి ఏడుపొచ్చింది. జ్ఞానప్రసూనాంబ గారికి ఫోన్ చేస్తే, ఆయన పెరట్లో దుప్పటి విసురుతున్నారనీ, రెండు రోజులుగా అదే పననీ, ఉతికిన దుప్పట్లన్నీ మళ్లీ ఉతకాల్సొచ్చిందనీ చెప్పారు.

మూడోనాడు ఆయన భుజం పట్టేసి, మెడ ఒక పక్కకి పెట్టుకుని వచ్చారు. మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి చెయ్యి వెనక్కి పోయినప్పుడల్లా ఆపి, లేచి నిలబడి, తన చెయ్యి అలా పోనిచ్చి చూసుకుని, అప్పుడు కూర్చుని సర్దేవారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. నాగదుర్గ మిషను ఆపమని ఎవరూ చెప్పకుండానే ఆపేసింది.

కూడిక రోజున ఆయన డీవీడీ తీసుకుని తానే బయల్దేరారు. ఆయన్ని ఒంటరిగా పంపితే అడుగులు కొలుచుకుంటూ మర్నాటికి చేరతారని నాగదుర్గ కూడా ఆటో ఎక్కింది. ఆటో అబ్బాయిరాజుది. శ్రీపర్రు దాటాక రోడ్డు ఉందనడం మర్యాద మాట. చేపల చెరువుల మేత లారీలు తిరిగి తిరిగి మోకాలిలోతు గుంటలు పడ్డాయి. ఈశ్వరప్రసాద్ గారు డీవీడీని రెండు చేతులా గుండెకి హత్తుకుని కళ్లు మూసుకున్నారు. "మెల్లగా బాబూ, మెల్లగా," అని ఆయనంటుంటే, చెరువు గట్టు మీద గేదెలు ఆటోని దాటిపోయాయి. రెండు పక్కలా చెరువులే. ఆకాశం, నీళ్లు ఒకే బూడిదరంగులో ఉన్నాయి. ఒకప్పుడు ఇదంతా కొల్లేరేనండీ, అన్నాడు అబ్బాయిరాజు.

మార్తమ్మ ఇంటి ముందు చిన్న టెంటు, నలభై యాభై కుర్చీలు, బల్ల మీద టీవీ. పాస్టరు కృపావరం గారు ప్రార్థన చేశారు. పాటలయ్యాయి. డీవీడీ పెట్టబోతుండగా ఈశ్వరప్రసాద్ గారు అందరూ చూస్తుండగానే టీవీ బల్ల కింద దూరారు. జేబులో ఉన్న నాలుగు ముక్కలూ నాలుగు కాళ్లకీ పెట్టి బయటికొచ్చి, నుదుటన మట్టితో వెనక వరసలో నిలబడ్డారు. నాగదుర్గ సిగ్గుతో తల దించుకుంది.

తెరమీద దేవరాజు పడవలో నిలబడ్డాడు. చెయ్యి వెనక్కి పోయింది. రవ్వంత ఆగింది. వచ్చింది. వల విచ్చుకుంది.

"అద్గదీ," అన్నాడు ముందు వరసలో ఒక ముసలాయన. "దేవరాజు వాటం అదే." ఇంకెవరో, ఆ వెనక్కి పోవడం చూడండి, అన్నారు. కుర్చీల్లో మగవాళ్లు ఒకరిద్దరు తెలియకుండానే భుజాలు కదిపారు. బ్లెస్సీ నేల మీద బాసింపట్టు వేసుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. తాత వల లాగాడు, చేప తీశాడు, కెమెరాకి ఎత్తి చూపించాడు. చేప కొట్టుకుంటోంది, పట్టుకున్న చెయ్యి కదల్లేదు.

తర్వాత చర్చి. తెల్లచీరలో జాయ్సీ. పాస్టరుగారు చెప్పగానే దేవరాజు కూతురి చెయ్యి పట్టుకుని పెళ్లికొడుకు జయంత్ చేతిలో పెట్టాడు. అప్పుడు ఆ చెయ్యి వణికింది.

ఇన్ని వందల చోట్లు సరిచేసి, ఇంతమందిలో, ఇక్కడ వదిలేశారా ఈయన. నాగదుర్గ తలతిప్పి చూస్తే ఈశ్వరప్రసాద్ గారు రెప్పవెయ్యకుండా తెరవైపే చూస్తున్నారు.

"ఇక్కడ వణికాడు మామ్మా," అంది బ్లెస్సీ.

మార్తమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఈశ్వరప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు.

"అది మిషనుది కాదండీ. పక్కన పాస్టరుగారి చెయ్యి చూడండి, పుస్తకం పట్టుకుని నిలకడగా ఉంది. ఇది ఆయన చెయ్యేనండీ. అందుకని ముట్టుకోలేదు."

మార్తమ్మ మళ్లీ తెరవైపు తిరిగింది. మనవరాలి తలమీద చెయ్యి వేసింది.

"జబ్బు కాదే," అంది. "మీ అమ్మని ఇచ్చేస్తున్నాడు కదా. అందుకు."

అన్ని చేతులూ వణుకుతుంటే ఇన్నాళ్లూ ఎవరికీ కనపడని ఆ ఒక్క వణుకూ అప్పుడు అందరికీ కనపడింది. జాయ్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయంత్ ఆవిడ పక్కనే కూర్చుని తన అరచెయ్యి తానే చూసుకుంటున్నాడు.

భోజనాల దగ్గర నాగదుర్గ ఇక ఉండబట్టలేక అడిగింది. దారిలో అన్ని స్టూడియోలుండగా, అంత దూరం వచ్చి ఈయన్నే ఎందుకు వెతుక్కున్నారని. మార్తమ్మ బైబిలు తెరిచి, మడతపెట్టిన అట్టముక్క ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. నలిగి నల్లబడింది. ఒక పక్కన అచ్చు అక్షరాలు ఇంకా ఉన్నాయి, 'ఈశ్వరప్రసాద్ వీడియోస్, పవర్‌పేట'.

నాలుగేళ్ల కిందట దేవరాజుని ఏలూరు ఆసుపత్రికి తీసుకొచ్చిందట ఆవిడ. ఎదురు హోటల్లో కూర్చున్నారు. ఆయన గ్లాసు పట్టుకుంటే కాఫీ బల్లంతా పారి పక్కాయన చొక్కా మీద పడింది. సర్వరు గట్టిగా విసుక్కున్నాడు. హోటలంతా తలలు తిప్పి చూసింది. దేవరాజు చేతులు ఒళ్లో దాచుకున్నాడు. అప్పుడు ఎవరో ఒకాయన లేచొచ్చి బల్ల కింద దూరి, బయటికొచ్చి, అందరికీ వినపడేలా సర్వరుని కేకలేశాడట. "బల్ల కాలు పొట్టిదయ్యా. ఆయన్నంటావేం? ఇంకో కాఫీ తీసుకురా." అని వెళ్లి తన ఇడ్లీ తాను తిన్నాడు.

"ఆ బల్ల కదలలేదండీ," అంది మార్తమ్మ. "మాకు తెలుసు, ఆయనకీ తెలుసు. లేచేటప్పుడు మా ఆయన కిందికి వంగి ఈ ముక్క తెచ్చుకున్నాడు. బస్సులో చూసుకుని నవ్వాడు. బల్లే కదిలిందే మార్తా, అన్నాడు. ఎన్నాళ్లకో నవ్వాడండీ. అందుకే దాచాను."

నాగదుర్గకి నిక్షేపంలాంటి బల్లలు, రాజేష్ మొర, ఆసుపత్రి ఎదురు హోటలు, పక్క బల్లల దగ్గర కూర్చున్న పెద్దవాళ్లు, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయనకి కొంచెం తేడా అని ఎంతమందికి చెప్పిందో కూడా గుర్తొచ్చింది. తిరుగు దారిలో ఆటోలో అడిగింది.

"ఆ బల్ల నిజంగా కదిలిందాండీ?"

ఈశ్వరప్రసాద్ గారు కళ్లు తెరవలేదు. "కదిలిందండీ. ఆ హోటల్లో అన్ని బల్లలూ కదులుతాయి," అన్నారు.

వారం తిరక్కుండానే ఇద్దరూ అదే హోటల్లో టిఫిన్‌కి కూర్చున్నారు. బయట మళ్లీ ముసురు. పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ, ఆసుపత్రి చీటీ పక్కన పెట్టుకుని, రెండు చేతులతో గ్లాసెత్తింది. గ్లాసు గడగడలాడి, కాఫీ బల్ల మీదా చీర మీదా ఒలికింది. ఆవిడ బెదురుగా అటూ ఇటూ చూసింది. గుడ్డ భుజాన వేసుకున్న రాజేష్ మొహం చిట్లించుకుని అటు వస్తున్నాడు.

ఈశ్వరప్రసాద్ గారి చెయ్యి జేబులోకి వెళ్లింది. ఖాళీ. నాలుగు ముక్కలూ మార్తమ్మ గారి టీవీ బల్ల కిందే ఉండిపోయాయి. ఆయన ఈ జేబు, ఆ జేబు తడుముకుని నాగదుర్గ వంక చూసిన చూపు, రైలు తప్పిపోయినవాడు కూడా చూడడు.

నాగదుర్గ సంచీలో ఎవరిదో రేషన్ కార్డు జిరాక్స్ ఉంది. తీసి మడిచింది, ఇంకోసారి మడిచింది, ఇంకోసారి మడిచింది. కుర్చీ జరిపి, చీర చెంగు దోపుకుని, జన్మలో మొదటిసారి హోటలు బల్ల కింద దూరింది. కిందనుంచే అంది.

"రాజేష్ బాబూ, ఈ బల్ల కాలు పొట్టిది. మామ్మగారిని ఏమనకు. ఇంకో కాఫీ తీసుకురా."

రాజేష్ అక్కడే ఆగిపోయాడు. "ఇన్నాళ్లూ ఆయనొక్కరే అనుకున్నానండీ," అని గొణుక్కుని కాఫీకి వెళ్లాడు. ముసలావిడ బల్ల వంక చూసి, తన చేతుల వంక చూసుకుని, "బల్లదేనాండీ?" అంది. "బల్లదేనండీ," అన్నారిద్దరూ.

నాగదుర్గ జుట్టు సర్దుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఈశ్వరప్రసాద్ గారు లేచి వెళ్లి, ముసలావిడ బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని నొక్కి చూశారు. తిరిగొచ్చి నాగదుర్గ చెవిలో చెప్పారు.

"మడత ఒకటి ఎక్కువైందండీ. ఇప్పుడు నిజంగానే కదులుతోంది."